సంగటి ముద్దయు, యవల అన్నమును

తళ్లికోట యుద్ధము (1565) తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ, నేడు మోటారు కార్ల వలన ప్రసిద్ధికెక్కినది. 2022 వరకు అనంతపురము జిల్లాలోనిదైన ఈ ప్రాంతమున, ఎర్రమంచి వద్ద 2019లో కియా కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. కొరియా ఇంజనీర్ల వెంట వారి వంటకములును ఈ కరవు సీమకు చేరినవి.

కొరియావారి భోజనమున అన్నము, వేడి చారు, కిమ్చి ముఖ్యములు. కిమ్చి యనగా ఒక విధమైన కాబేజీని ఉప్పున ఊరవేసి, మిరపపొడి, వెల్లుల్లి, అల్లము కలిపి పులియబెట్టిన ఊరగాయ. మిరప వారికిని మనకును అమెరికా ఖండమునుండి సముద్రములు దాటి వచ్చినదే. అయినను ఉభయులును దానిని తాతలనాటి సొత్తుగా భావింతురు! జపానువారు కర్రపుల్లలతో తినుచు అన్నపు గిన్నెను చేతికెత్తుకొందురు. కొరియాలో పుల్లలు లోహపువి. గిన్నె బల్లపైననే యుండవలెను, ఎత్తుట అమర్యాద. అన్నమునకును చారునకును చెంచా కలదు. పంక్తిలో పెద్దవారు మొదలిడనిదే పిన్నలు చెంచా ముట్టరాదు.

ఇట్టి అతిథి సంగటి ముందు కూర్చున్నచో చిక్కే. నూకలు ఉడికిన ఎసటిలో రాగిపిండి పోసి, ఉండకట్టకుండ తెడ్డుతో గెలికి, తడిచేతులతో ముద్ద చేయుదురు. ముద్ద నడుమ గుంత చేసి పులుసు పోసికొని, వ్రేళ్లతో త్రుంచి, నమలక మ్రింగుదురు. అది పుల్లలకు చిక్కదు, చెంచాను వదలదు. చేతితో తినిననే దాని రుచి తెలియును.

ఆకలి మాత్రము ఇరువురికిని తెలిసినదే. పాత ధాన్యము అడుగంటి, యవలు ఇంకను కోతకు రాని వసంతకాలమును కొరియావారు ‘యవల కనుమ’ యనెడివారు. దాటుటకు అంత కష్టమైన కాలమన్నమాట. 1960, 70 దశకములలో బియ్యము చాలక, అన్నమున యవలు కలుపుకొనుడని ప్రభుత్వము శాసించెను. ఉపాధ్యాయులు పిల్లల భోజనపు డబ్బాలు తెరిపించి, యవలున్నవో లేవో పరీక్షించెడివారు.

మన సీమలో ఏటి వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు మించదు. 1950 దశకారంభపు కరవులో గంజికేంద్రములు తెరువవలసి వచ్చినది. వరియన్నము పండుగనాటి మాట. రాగి, కొర్ర, జొన్నలే దినభోజనము. పొలమున వేరుశెనగ ఈ ధాన్యములను త్రోసివేసెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము ఇంటింటికి చేరినది. ఆకలి తీరుట మేలే. కాని ఆ వెంట సంగటి పేదరికపు గురుతై, దానిని తినివచ్చితిమని బడిలో చెప్పుకొనుటకు పిల్లలు సిగ్గుపడు దినములు వచ్చినవి. ఏ తిండి తాతలను కరవులు దాటించినదో, దానికే తలవంచుకొనుట! ఇంతకంటె అన్యాయమేమి?

కొరియావారు నాడు విధిలేక తినిన యవల అన్నమును నేడు ఆరోగ్యమునకై కోరి తినుచున్నారు. ఇచటను పట్టణపు హోటళ్లలో సంగటికి వెల పెరిగినది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు బెల్లము కలిపిన రాగిజావ ఇచ్చుట ప్రారంభమైనది. అవ్వలు తెల్లవారి చేనికి పోవుచు త్రాగిన అంబలియే, బెల్లపు తీపితో మనుమల గ్లాసులలోనికి వచ్చినది.