కాగితం మీద లేని రోజులు

పోలీసు చిత్రహింసల మీద మనకు కథలు, కవితలు తక్కువేమీ లేవు. లాఠీ, బూటు, అరుపు, రక్తం వాటిలో తరచు కనిపిస్తాయి. క్రూరుడైన ఎస్సై కనిపిస్తాడు. పాఠకుడు ఆ ఎస్సైని అసహ్యించుకుని పుస్తకం మూస్తాడు. అయితే ఆ హింస దేనికోసం జరుగుతున్నది, దాని చివర ఏమి తయారవుతున్నది అనే ప్రశ్న మన రచనల్లో చాలా అరుదు. హింసకు కారణం ఒక మనిషి స్వభావమే అయితే ఆ మనిషిని బదిలీ చేస్తే సరిపోతుంది. బదిలీలు జరుగుతూనే ఉన్నాయి, లాకప్పులు అలాగే ఉన్నాయి. కనుక స్వభావాన్ని దాటి ఆ పని జరిగే పద్ధతిని చూడక తప్పదు.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. అరెస్టయిన మనిషిని, ప్రయాణానికి పట్టే కాలం మినహాయించి, 24 గంటల లోపల దగ్గరలోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం శాసిస్తున్నది. పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ తన జీవితకథకు ‘24 గంటలు’ అని పేరు పెట్టారు. ఆ పేరు చూసినప్పుడు ఈ నిబంధన గుర్తుకు రాక మానదు. ఇక పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. వలస పాలకులకు కూడా తమ పోలీసులు రాసుకొచ్చే ఒప్పుకోలు మీద నమ్మకం లేదన్నమాట. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షనులోనూ ఆ నియమం అలాగే ఉంది.

చెల్లని ఒప్పుకోలు కోసం మనిషిని అంతగా కొట్టడమెందుకు? దీనికి జవాబు పాత చట్టం 27వ సెక్షనులో ఉంది. కొత్త చట్టం దాన్ని కూడా నిలుపుకున్నది. కస్టడీలో ఉన్న మనిషి చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సూటిగా సంబంధించినంత మేరకు ఆ మాట సాక్ష్యంగా పనికివస్తుంది. దొంగతనం చేశానన్న మాట చెల్లదు. గొలుసు ఫలానా చోట దాచానని చూపించిన మాట చెల్లుతుంది. కనుక దర్యాప్తుకు మూడు కావాలి: ఒక మాట, ఒక వస్తువు, ఆ రెంటినీ కలుపుతూ ఇద్దరు మధ్యవర్తులు సంతకాలు చేసిన రిపోర్టు. దర్యాప్తు నిజాయితీగా సాగితే ఈ మూడూ నేరస్థుడి దగ్గరికి దారి చూపుతాయి. పై అధికారుల ఒత్తిడి, గడువు, పత్రికల్లో పెట్టవలసిన ఫొటో - ఇవి ముందుకు తోస్తే దొరికిన మనిషికే ఈ మూడింటినీ తొడుగుతారు. శరీరాన్ని నొప్పించి మాటను రాబట్టడం అక్కడ అవసరమవుతుంది.

సాహిత్య విద్యార్థులు రిమాండ్ రిపోర్టులను ఒక రచనా ప్రక్రియగా చదవాలి. ఏ జిల్లాలో చూసినా ఆ కథ సుమారుగా ఒకటే. విశ్వసనీయమైన సమాచారం వస్తుంది. సిబ్బంది వాహనాలు తనిఖీ చేస్తుంటారు. ఒకడు పోలీసులను చూసి పారిపోబోతాడు. పట్టుకుని ‘విచారించగా’ నేరం ఒప్పుకుంటాడు. ఈ కథలో పాత్రకు ఇల్లు లేదు, భార్య లేదు, నిన్న లేదు. కాలం మాత్రం ఎంతో కచ్చితంగా ఉంటుంది: ఫలానా తేదీ, ఫలానా గంట. ఆ ‘విచారించగా’ అనే ఒక్క క్రియలోకి ఎన్ని రాత్రులు కుక్కబడ్డాయో కాగితం చెప్పదు. మనిషిని నిజంగా పట్టుకుపోయిన రోజుకూ, అరెస్టు చేసినట్టు రాసిన రోజుకూ మధ్య కొన్ని రోజులు మాయమవుతాయి. చట్టం దృష్టిలో ఆ రోజుల్లో ఆ మనిషి ఠాణాలో లేడు. చిత్రహింస జరిగేది సాధారణంగా ఆ రోజుల్లోనే.

2016 దాకా సంగారెడ్డి కేంద్రంగా ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లాలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2023 జనవరిలో మెదక్ పట్టణంలో ఒక గొలుసు దొంగతనం జరిగింది. సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలున్నాయన్న అనుమానంతో ఖదీర్ ఖాన్ అనే కూలీని జనవరి 29న హైదరాబాదులో పట్టుకున్నారు. ఫిబ్రవరి 2 దాకా మెదక్ ఠాణాలో ఉంచి కొట్టారని కుటుంబం ఆరోపించింది. ఇంటికి తిరిగొచ్చాక ఆస్పత్రి పాలై, తనను ఎలా కొట్టారో వీడియోలో చెప్పి, ఆ నెల సగం దాటాక గాంధీ ఆస్పత్రిలో అతడు చనిపోయాడు. పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. తెలంగాణ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆ అయిదు రోజుల గురించి లోకానికి తెలిసినదంతా మంచం మీది మనిషి చెప్పిన నాలుగు మాటల వల్ల, భార్య పట్టు వదలకపోవడం వల్ల తెలిసింది. ఆయన మాట్లాడలేని స్థితిలో ఇల్లు చేరి ఉంటే ఆ రోజులు కూడా మాయమైపోయేవి.

ఇప్పుడు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం పారిశ్రామిక ప్రాంతాన్ని ఊహించుకోండి. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి, ఒక గదిలో పదిమంది చొప్పున ఉంటూ, కాంట్రాక్టరు చేతి కింద పనిచేసే కార్మికులు ఇక్కడ ఎందరో ఉన్నారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయినప్పుడు, తమవాళ్లు ఏమయ్యారో తెలియక దూర రాష్ట్రాల కుటుంబాలు గేటు ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. గేటు ముందు లెక్క తేలడానికే అన్ని రోజులు పట్టిన మనిషికి ఠాణా ముందు లెక్క అడిగేదెవరు? రాత్రిపూట అతణ్ణి జీపెక్కిస్తే తేదీ గుర్తుపెట్టుకునే పొరుగువాడుండడు. భాష రాదు. ఇల్లు వెయ్యి మైళ్ల దూరం. పోలీసు కాగితంలోని ఇల్లూ నిన్నా లేని పాత్రకు సరిగ్గా అతికే మనిషి ఇతడే. అనుమానం వలస కూలీ మీదికి, తండావాసి మీదికి, ముస్లిం యువకుడి మీదికి, దళితుడి మీదికి ముందుగా మళ్లడానికి పోలీసుల మనసులోని ద్వేషం ఒక కారణమైతే, ఆ మనిషి తరఫున తేదీ చెప్పగల సాక్షికి బలం లేకపోవడం అంతకన్న పెద్ద కారణం.

కుటుంబాల పోరాటం మొదలయ్యేది కూడా తేదీ దగ్గరే. తంతి సౌకర్యం 2013 జూలైలో ఆగిపోయే దాకా, మనిషిని పట్టుకుపోయిన రాత్రే కలెక్టరుకూ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికీ టెలిగ్రాం కొట్టమని పౌరహక్కుల కార్యకర్తలు చెప్పేవారు. జవాబు వస్తుందన్న ఆశతో కాదు. తపాలా ముద్ర మీద గంట పడుతుంది. తరువాత పోలీసులు ఏ తేదీ వేసినా ఆ ముద్ర అడ్డం తిరుగుతుంది. హెబియస్ కార్పస్ పిటిషను చేసే పని కూడా ఇదే: మనిషి ఎక్కడున్నాడో ఈ రోజు, ఈ గంటకు చెప్పమని రాజ్యాన్ని నిలదీయడం. 1976 మార్చిలో కేరళ పోలీసులు పట్టుకుపోయిన ఇంజనీరింగు విద్యార్థి రాజన్ కోసం, ఎమర్జెన్సీ తొలగిన వెంటనే, 1977 మార్చిలో తండ్రి ఈచర వారియర్ వేసిన పిటిషను అలాంటిదే. అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం చెప్పింది. చూసినవాళ్ల సాక్ష్యంతో హైకోర్టు అది అబద్ధమని తేల్చింది. ముఖ్యమంత్రి కరుణాకరన్ గద్దె దిగాడు. కొడుకు శవం మాత్రం తండ్రికి దక్కలేదు.

ఒడిశాలో 1987 డిసెంబరులో ఒక యువకుడి శవం రైలు పట్టాల మీద దొరికింది. కట్టిన తాడు కొరుక్కుని తెల్లవారుజామున పారిపోయాడని పోలీసుల కథ. తల్లి నీలావతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరమే పిటిషనై, 1993లో లక్షన్నర పరిహారం తీర్పు వచ్చింది. కస్టడీ మరణాలకు రాజ్యం బాధ్యత వహించాలన్న సూత్రం దానితో బలపడింది. డి.కె. బసు కేసుకు మూలం కూడా 1986లో రాసిన ఒక ఉత్తరమే. అరెస్టు మెమోలో తేదీ, గంట రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, బంధువులకు తెలపాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి అని 1996 తీర్పు ఆదేశించింది. ఆ ఆదేశాలన్నీ మాయమైన రోజులను తిరిగి కాగితం మీదికి లాగే ప్రయత్నాలే.

అయితే నెగ్గిన న్యాయం కూడా ఎంత దూరం పోతుంది? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో జరిగిన పేలుడు తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసల ఆనవాళ్లను న్యాయవాది రవిచందర్ మైనారిటీ కమిషనుకిచ్చిన నివేదికలో నమోదు చేశారు. కోర్టులో కేసులు నిలవలేదు. 2012లో ప్రభుత్వం వారికి పరిహారంతోపాటు సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. మరుసటి సంవత్సరం హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. నేరం చేయనివాడికి సత్ప్రవర్తన పత్రం అవసరమైందంటే, మొదటి కాగితం వేసిన ముద్ర ఎంత లోతైనదో ఆలోచించాలి. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలు ఉంది. దాన్ని 2016లో మ్యూజియం చేశారు. 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీగా ఉండి చూడవచ్చునన్న పథకం పెట్టారు. గంట కొట్టినట్టు వదిలేసే ఆ జైలుకు కొద్ది దూరంలో, కందిలోని అసలు జైలులో, 2024 నవంబరులో లగచర్ల భూసేకరణ గొడవలో అరెస్టయిన రైతులుండేవారు. వారిలో ఒక గిరిజన రైతుకు డిసెంబరులో గుండెనొప్పి వస్తే సంకెళ్లతో ఆస్పత్రికి తెచ్చారు. అకారణంగా సంకెళ్లు వేయరాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అప్పటికే ఆ తండాల స్త్రీలు ఢిల్లీ వెళ్లి, అర్ధరాత్రి దాడుల గురించి జాతీయ మానవ హక్కుల సంఘానికి చెప్పుకుని వచ్చారు. వారు చెప్పినది పోలీసు రికార్డుకు ఎదురుగా నిలిచే మరో కథనం.

రచయితల పని ఇక్కడే ఉంది. గుంటూరు లాకప్పులో 1980లలో రోజుల తరబడి దెబ్బలు తిన్న తమిళ వలస కూలీ చంద్రకుమార్ ‘లాకప్’ నవల రాశాడు. ‘విసారణై’ సినిమాకు అదే ఆధారం. తెలుగు ఠాణాలో జరిగిన సంగతి తమిళ నవలైంది. రేపు పటాన్‌చెరు ఠాణా సంగతి ఒడియాలోనో భోజ్‌పురిలోనో రాకముందే మన రచయితలు అక్కడికి వెళ్లాలి. కోర్టు వరండాలను, కాగితాల భాషను, మధ్యవర్తుల సంతకాలను ఎరిగి రాసిన న్యాయవాది రావిశాస్త్రి మనకున్నాడు. ఆ దారిలో నడవాలంటే దెబ్బల వర్ణన ఒక్కటే చాలదు. ప్రతి కథకూ ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: మనిషిని ఏ రోజు పట్టుకుపోయారు? కాగితం మీద ఏ రోజు వేశారు? ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఖాళీని తల్లులు, భార్యలు ఉత్తరాలతో, టెలిగ్రాములతో, ఆస్పత్రి చీటీలతో పూరిస్తూ వచ్చారు. దానికి సాక్ష్యంగా నిలబడే వచనం మనం రాయవలసి ఉంది.