పరుచూరి బ్రదర్స్: ఇద్దరు రచయితలు, ఒకే సంతకం

తెలుగు సినిమాలో ‘పరుచూరి బ్రదర్స్’ అనేది ఇద్దరు వ్యక్తుల ఉమ్మడి పేరు. కృష్ణా జిల్లాకు చెందిన పరుచూరి వెంకటేశ్వరరావు, పరుచూరి గోపాలకృష్ణ సోదరులు ఆ పేరుతో మూడు వందలకు పైగా చిత్రాలకు పనిచేశారు. తమకు ఆ పేరు పెట్టింది ఎన్టీ రామారావేనని వారు చెబుతారు. ఇద్దరిలో చిన్నవారైన గోపాలకృష్ణ అంతకుముందు తెలుగు అధ్యాపకులు.

తొలి గుర్తింపు

1982లో వచ్చిన కృష్ణ 200వ చిత్రం ‘ఈనాడు’ వారికి పేరు తెచ్చింది. మరుసటి ఏడాది ఎన్టీఆర్ స్వీయ దర్శకత్వంలో నటించిన ‘చండశాసనుడు’, చిరంజీవిని అగ్రశ్రేణికి చేర్చిన ‘ఖైదీ’ విడుదలయ్యాయి. రెండింటికీ వీరే రచయితలు.

కథ ఒకరిది, మాటలు మరొకరివి

తెలుగు చిత్రాల్లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలకు వేర్వేరుగా పేర్లు వేయడం ఆనవాయితీ. దర్శకుడు బి.గోపాల్ తీసిన ‘సమరసింహారెడ్డి’ (1999)కి కథ విజయేంద్రప్రసాద్‌ది. ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) చిత్రాల కథలు చిన్నికృష్ణవి. మూడింటికీ మాటలు మాత్రం పరుచూరి సోదరులవే. రాయలసీమ ఫ్యాక్షన్ నేపథ్యానికి తెరపై ఒక సంభాషణా శైలి స్థిరపడడంలో ఈ చిత్రాల పాత్ర పెద్దది.

చట్టం ఏమంటుంది?

ఒకరి భాగాన్ని మరొకరి భాగం నుంచి విడదీయలేని విధంగా కలిసి రాసినదాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం ఉమ్మడి రచనగా పరిగణిస్తుంది. దానిపై హక్కులు, రచయితల్లో చివరివారు మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు కొనసాగుతాయి. సినిమాలో చేరిన రచనను థియేటర్ ప్రదర్శనకు వెలుపల వినియోగించుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా దక్కాలని 2012 సవరణ నిర్దేశించింది. ఆ హక్కును రచయిత నిర్మాతకు వదులుకునే వీలు కూడా లేదు. అందువల్ల తెరపై పడే పేరు కేవలం గౌరవ సూచకం కాదు. ఆదాయంతో ముడిపడిన ఆధారం.

విడిపోయిన జంట, నిలిచిన జంట

హిందీలో ‘జంజీర్’ (1973), ‘దీవార్’, ‘షోలే’ (1975) రాసిన సలీం-జావేద్ జంట రచయితల పేరుకు పోస్టర్లపై చోటు సాధించింది. ‘జంజీర్’ తెలుగులో ‘నిప్పులాంటి మనిషి’గా, ‘దీవార్’ ‘మగాడు’గా ఎన్టీఆర్‌తో పునర్నిర్మితమయ్యాయి. ఆ జంట 1980ల ఆరంభంలో విడిపోయింది. సరిగ్గా అదే కాలంలో తెలుగులో ఎదిగిన పరుచూరి జంట మాత్రం ఉమ్మడి పేరును నిలుపుకొంది.

ఏళ్ల నిరీక్షణ

బ్రిటిషు కంపెనీపై తిరగబడి 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథను ఈ సోదరులు సినిమా కథగా రూపొందించారు. అది తెరకెక్కడానికి ఏళ్లు పట్టింది. చివరకు 2019 అక్టోబరు 2న చిరంజీవి కథానాయకుడిగా ‘సైరా నరసింహారెడ్డి’ విడుదలైంది. దానికి మాటలు రాసింది సాయిమాధవ్ బుర్రా. ఇతరుల కథలెన్నింటికో మాటలు సమకూర్చిన జంటకు ఈసారి కథా రచయితలుగా పేరు పడింది.