వేటగాడే వేటయైన వేళ

వేటకు చిక్కిన మృగానికి భయం తెలుస్తుందా? 1932లో హాలీవుడ్‌లోని ఆర్.కె.ఓ. సంస్థ నిర్మించిన ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’ చిత్రానికి ఈ ప్రశ్నే ప్రాణం. మూలం 1924లో రిచర్డ్ కానెల్ వ్రాసిన కథ. ఓడ మునిగి ఒక ద్వీపం చేరిన వేటగాడు రెయిన్స్‌ఫర్డ్‌కు జరోఫ్ ప్రభువు ఆతిథ్యమిస్తాడు. మృగాల వేట రుచించని ఆ ప్రభువు ఇప్పుడు వేటాడేది మనుష్యులను! తెల్లవారేదాకా ప్రాణం దక్కించుకొన్నవాడికి విడుదల; లేనివాడికి మరణం.

‘కింగ్‌కాంగ్’ కోసం వేసిన అడవి సెట్లలోనే, పరిమిత వ్యయంతో దీనిని చిత్రించారు. అడవి కృత్రిమమే, భయం మాత్రం కాదు. లోకంలో వేటాడేవారు, వేటకు గురియయ్యేవారు అని రెండే తెగలనీ, తాను మొదటి తెగవాడిననీ గర్వించిన రెయిన్స్‌ఫర్డ్, వేటకుక్కలు వెంట తరుముతుండగా, తాను చంపిన మృగాల వేదనను గ్రహిస్తాడు.

తనదాకా వస్తేగాని తెలియదంటారు. తనదాకా రాకమునుపే పరుల భయాన్ని ఊహింపగలగడమే కథలు మనకు నేర్పవలసిన విద్య.