ఒంటరి ఓడలు, నీటి అడుగున మాటు

కోరుకొండ నరసింహస్వామి కొండెక్కి చూస్తే పొలాలు కనిపిస్తాయి, సముద్రం కనిపించదు. కాకినాడ రేవు అక్కడికి యాభై అరవై కిలోమీటర్లు. అయినా 1942లో బంగాళాఖాతంలో జరిగిన యుద్ధం ఈ ప్రాంతానికి పరాయిది కాదు. కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కష్టపడి ఇంటికి డబ్బు పంపినవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎందరో. మన దేశానికి బర్మా బియ్యం వచ్చేదీ ఈ సముద్రం మీదే. జపాన్ సబ్‌మెరైన్లు కాపు కాసింది సరిగ్గా ఇక్కడే.

1942 జనవరి చివర్లో ఐ-64 అనే సబ్‌మెరైన్ మద్రాసుకు తూర్పున మాటు వేసింది. కొద్ది రోజుల్లోనే అమెరికా ఓడ ఫ్లారెన్స్ లుకెన్‌బాక్, సింధియా కంపెనీ ఓడలు జలతరంగ్, జలపాలక మునిగిపోయాయి. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ చేత విశాఖ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేయించిన స్వదేశీ కంపెనీ ఈ సింధియాయే. మునిగిన ఆ ఓడలన్నీ తోడు లేకుండా, దేని దారిన అది పోతున్నవే.

సబ్‌మెరైన్ ఎప్పుడూ నీటి అడుగునే తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆనాటివి అలా కాదు. నీటిపైన డీజిల్ ఇంజన్లతో ఐ-64 సుమారు 20 నాట్ల వేగం అందుకునేది. మునిగితే బ్యాటరీలే దిక్కు. వేగం ఎనిమిది తొమ్మిది నాట్లకు పడిపోయేది, అదీ ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆనాటి మామూలు సరుకు ఓడ పది నాట్లతో పోయేది కాబట్టి మునిగి ఉన్న సబ్‌మెరైన్ దాన్ని తరిమి పట్టుకోలేకపోయేది. ఓడలు తప్పనిసరిగా వచ్చే చోట ముందే కాచుకోవాల్సి వచ్చేది. రేవుల ముంగిట, లైట్‌హౌసులను గుర్తుపెట్టుకుని ఓడలు నడిచే తీరం వెంబడి దానికి పని సులువు. దూరప్రయాణం మాత్రం పైకి తేలే చేయాల్సి వచ్చేది. అదే దాని బలహీనత. 1942 మే 17న ఐ-64ను కూడా జపాన్‌కు దక్షిణాన అమెరికా సబ్‌మెరైన్ ట్రైటన్ ముంచేసింది.

ఇప్పుడు కాన్వాయ్, అంటే కాపలా ఓడల తోడుతో గుంపుగా సాగే ప్రయాణం, లెక్క చూద్దాం. ముప్పై ఓడలు ముప్పై వేళల్లో వెళితే మాటున ఉన్నవాడికి ముప్పై అవకాశాలు. అవే గుంపుగా వెళితే ఒక్కటే అవకాశం. అది తప్పిందా, ముప్పై ఓడలూ దాటిపోతాయి. ఒకవేళ గుంపు కంటపడ్డా, నాలుగైదు టార్పెడోలు వదిలేలోపే కాపలా ఓడలు మీదికొచ్చి నీటిలో పేలే డెప్త్ చార్జీలు కురిపిస్తాయి. ఇంత తేలిక లెక్కను మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం 1917 దాకా ఒప్పుకోలేదు. ఆ ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకు పైగా ఓడలు పోయాక గానీ కాన్వాయ్‌లు మొదలుకాలేదు. పాతికేళ్ళ తర్వాత అట్లాంటిక్‌లో అదే పాఠాన్ని శ్రద్ధగా పాటించిన బ్రిటిష్ ప్రభుత్వం, మన తీరానికి వచ్చేసరికి సరుకు ఓడలకు కాపలా సమకూర్చలేకపోయింది. కాపలా ఓడలు చాలలేదన్న మాట నిజమే. ఆ కొరతకు ప్రాణాలిచ్చింది మాత్రం నావికులు.

అలాగని ప్రతి నష్టానికీ కాన్వాయ్ లేకపోవడమే కారణమనడం సరికాదు. 1942 ఏప్రిల్ 6న బంగాళాఖాతంలో దాడి చేసింది సబ్‌మెరైన్లు కావు, జపాన్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని క్రూయిజర్లు, ర్యూజో విమానవాహక నౌక. ర్యూజో విమానాలే విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ దాడిలో ఇరవైకి పైగా వర్తక ఓడలు మునిగాయి. భారీ ఫిరంగులున్న క్రూయిజర్లు పగటిపూట ఎదురైతే, బలమైన యుద్ధనౌకల అండ లేని ఓడల గుంపు శత్రువు పనిని మరింత సులభం చేసేదే. జనవరిలో ఓడలను కాపాడగలిగిన ఉపాయం ఏప్రిల్‌లో అక్కరకొచ్చేది కాదు.

ఈ దాడికి ముందే, మార్చి 8న, రంగూన్ జపాన్ వశమైంది. స్టీమర్ దొరకని మనవాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన కాలినడకన బయల్దేరారు. ఎందరో దారిలోనే చనిపోయారు.