లాభమునకు లేని సరిహద్దు

వ్యాపార నీతి యను పేర నొక పాఠ్యవిషయమును నేడు మన కళాశాలలందును బోధించుచున్నారు. మంచిదే. కాని యందు మొదట నేమి చెప్పవలెనను విషయమున మా యభిప్రాయము స్పష్టము. కంపెనీలు కట్టించు బడుల ముచ్చట తరువాత. ముందు బాకీల సంగతి. దేశాంతరమున వర్తకము సేయు సంస్థ తన వలన గలిగిన కీడునకు ఎవరికి, ఏ న్యాయస్థానమున, ఎంతవఱకు నుత్తరవాది?

ఇందులకు భోపాలును మించిన పాఠము లేదు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి యూనియన్ కార్బైడు వారి పురుగుమందుల కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు వెలువడి నిద్రించుచున్న పట్టణమును గ్రమ్మెను. ఆ విషద్రవమును చల్లగా నుంచవలసిన యంత్రమును నెలల క్రిందటనే యాపివేసి యుండిరి. బయటపడు వాయువును గాల్చివేయవలసిన గోపురము పని చేయక పడి యుండెను. ప్రభుత్వ మంగీకరించిన మృతుల సంఖ్యయే 5,000 దాటినది; బాధితులు చెప్పు లెక్క యింతకు ఎన్నో రెట్లు.

భారతీయ శాఖలో అమెరికా కంపెనీకి నూటికి 50.9 వంతులుండెను. లాభము పంచుకొనునపుడు అది యజమాని. పరిహార మడిగినపుడు మాత్రము శాఖ వేఱు, తాను వేఱనెను. మన ప్రభుత్వము న్యూయార్కులో దావా వేయగా, విచారణ భారతదేశముననే జరుగవలెనని వాదించి 1986లో గెలిచెను. ఇచట 300 కోట్ల డాలర్లకు పైగా కోరిన దావా 1989లో 47 కోట్ల డాలర్ల రాజీతో ముగిసెను. చేని ఫలసాయమును తాననుభవించి, గట్టు తెగి పొరుగువాని పైరు మునిగిననాడు అది పాలేరు చేసిన పని యని తప్పించుకొను భూస్వామిని మన గ్రామములలో నెవ్వరైన పెద్దమనిషి యందురా?

మన ప్రభుత్వమును గూడ విడిచిపెట్టరాదు. బాధితులకై బీమా చేయింపవలెనని 1991లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను అది పాటింపలేదు. అదనపు పరిహారమునకై తరువాత వేసిన పిటిషనును 2023లో కొట్టివేయుచు ఆ న్యాయస్థానమే యీ యుపేక్షను తీవ్రముగా నిందించెను.

విశాఖపట్టణవాసుల కీ కథ పరాయిది కాదు. 2020 మే 7వ తేది వేకువను దక్షిణ కొరియా కంపెనీకి చెందిన ఎల్జీ పాలిమర్సు నుండి స్టైరీను వాయువు వెలువడి వెంకటాపురమున 12 మంది ప్రాణములు గొనెను. పర్యావరణ అనుమతి లేకయే యా కర్మాగారము ఏండ్ల తరబడి నడచినది. అడుగవలసిన అధికారు లడుగలేదు. అయినను భోపాలునాటికి నేటికి నొక భేదము గలదు. ప్రమాదకరమగు పరిశ్రమ నడుపువాడు ఏ సాకును చెప్పక నష్టము నిచ్చుకొనవలెనని 1986లో మన సుప్రీంకోర్టు స్థాపించిన సూత్రము చేతనుండుటచే, జాతీయ హరిత ట్రిబ్యునలు మఱునాడే 50 కోట్ల రూపాయలు డిపాజిటు చేయుమని యాజ్ఞాపించెను.

పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు ప్రజోపకారమునకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టము విధించెను. దానిని మేము నిందింపము. కాని యీ రెండు వంతులు దానము, భోపాలుది బాకీ. ఒకదానిని మఱొకదాని పద్దులో వ్రాసికొనుట కూడదు.

ఇంతవఱకు బాధితుల పక్షమున మాటాడితిమి. ఇక రెండవ వైపు. ఆఫ్రికాలోని జాంబియాలో చింగోలా ప్రాంతపు పల్లెవారు, రాగిగని మురుగు తమ యేళ్లను, పొలములను పాడు చేసినదని లండనులో దావా వేసిరి. ఆ గనిని నడపినది భారతీయుడు స్థాపించిన వేదాంతా సంస్థ యొక్క శాఖ. మాతృసంస్థకు బాధ్యత లేదు, విచారణ ఇచట తగదు అను పాత వాదములే మఱల వినవచ్చెను. 2019లో బ్రిటిషు సుప్రీంకోర్టు వానిని త్రోసిపుచ్చి, సుమారు 1,800 మంది గ్రామస్థులు లండనులోనే వ్యాజ్యము నడుపవచ్చునని తీర్పు చెప్పెను. 2021లో సంస్థ తప్పు నొప్పుకొనకయే రాజీపడెను.

అమెరికావా రన్నపుడు మన రక్తము నుడికించిన మాట, మనవా రన్నపుడు చెవి కింపగునా? భోపాలు కొఱకు మనము న్యూయార్కులో నడిగినదే చింగోలా రైతు లండనులో నడిగెను. అతని దావాపై వచ్చిన తీర్పును, భోపాలు రాజీ పత్రమును ప్రక్కప్రక్కన నుంచి మన విద్యార్థులచే చదివింపవలెనని మేము కోరుచున్నాము.