చిత్రమును దాచు విధములు

సికిందరాబాదు చెంతనున్న నేరేడ్‌మెట్ చౌరస్తాలో నిలిచి నలుదెసలు చూచినచో మొదట కంటబడునవి బొమ్మలే. దుకాణముల పేరుపలకలు, పాఠశాలల ప్రకటనలు, పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీలు—ఇవి యన్నియు నేడు కంప్యూటరుపై రూపొందుచున్నవి. ఆ ప్రాంతమున నొక పాఠశాలకు వార్షికోత్సవము జరుగనున్నదని ఊహింపుడు.

ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పది దినములు శ్రమించి, పురివిప్పిన నెమలియు, దాని క్రింద పాఠశాల పేరును గల చిహ్నమును కంప్యూటరుపై చిత్రించెను. దానిని చిన్నదిగా జేసి, ఫోనుకు చేర్చి, వాట్సాపులో ఫ్లెక్సీ ముద్రించు దుకాణమునకు పంపెను. పని ముగిసినదని తలచి, కంప్యూటరులో చోటు చాలదని మూలచిత్రమును చెరిపివేసెను. మరునాడు పది అడుగుల వెడల్పుగల ఫ్లెక్సీ పాఠశాల ద్వారమున వ్రేలాడెను. కాని నెమలి పింఛము గచ్చుపలకలవలె చదరపు ముక్కలై కనబడెను. అక్షరముల చుట్టును మురికి పట్టినట్లుండెను. తెరపై సొగసుగా నుండిన బొమ్మ ఇట్లేల చెడినది? దోషము యంత్రమునది కాదు, ముద్రించినవానిదియు కాదు. చిత్రమును దాచు విధములు పెక్కు గలవనియు, ఒక్కొక్కటి యొక్కొక్క పనికి తగుననియు ఆమె యెరుగకపోవుటయే కారణము.

కంప్యూటరునకు బొమ్మ తెలియదు; అంకెలు మాత్రమే తెలియును. అది చిత్రమును సన్నని చుక్కలుగా విభజించును. ఒక్కొక్క చుక్కకు పిక్సెల్ అని పేరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల కాంతి ఆ చుక్కలో ఎంతెంత యుండవలెనో 0 మొదలు 255 వరకు గల అంకెలతో గుర్తింతురు. ఈ మూడంకెల కూర్పులవలన 1,67,77,216 రంగులు ఏర్పడును. ఒక్కొక్క అంకెకు ఒక బైటు చొప్పున, ప్రతి చుక్కకు మూడు బైట్ల చోటు కావలెను. అడ్డముగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుగల ఛాయాచిత్రములో 1,20,00,000 చుక్కలుండును. దానికి 3,60,00,000 బైట్లు కావలెను. ఇంత బరువును దాచుటయు పంపుటయు కష్టము. కనుకనే చిత్రములను కుదించు పద్ధతులు పుట్టినవి.

కుదించుట రెండు విధములు. మొదటిది ఏమియు పోగొట్టనిది. వరుసగా నూరు తెల్లని చుక్కలున్నచో, ‘తెలుపు’ అని నూరుమార్లు వ్రాయక, ‘తెలుపు, నూరు’ అని వ్రాసికొన్న చాలును గదా! ఇట్టి ఉపాయములచే కుదించిన చిత్రము విప్పినపుడు ఉన్నది ఉన్నట్లు వచ్చును. 1987లో కంప్యూసర్వ్ అను అమెరికా సంస్థ వెలువరించిన గిఫ్ ఈ జాతిలోనిది. కాని ఒక చిత్రమున 256 రంగులకు మించి యది నిలుపలేదు. దానిలోని కుదింపు పద్ధతిపై పేటెంటు హక్కు గలదనియు, రుసుము చెల్లింపవలెననియు 1994 చివర ప్రకటన వెలువడెను. అంతట నిపుణులు కొందరు కూడి, అందరును ఉచితముగా వాడుకొనదగిన పీఎన్‌జీ అను పద్ధతిని రూపొందించిరి. అది 1996లో ప్రమాణముగా అంగీకరింపబడెను. గీతలు, అక్షరములు, చదునైన రంగులు గల బొమ్మలకు పీఎన్‌జీ మిక్కిలి తగినది.

రెండవ విధము కొంత పోగొట్టునది. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము 1992లో ప్రమాణముగా స్థిరపడిన జేపెగ్. దీనికి ఆధారమైన గణితమును కనుగొన్నవారిలో ముఖ్యుడు బెంగుళూరున జన్మించిన నసీర్ అహమ్మద్. ఆయన 1972లో పరిశోధనకు ధనసహాయము కోరగా లభింపలేదు. అయినను పూనిక విడువలేదు. టి. నటరాజన్, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన కె. ఆర్. రావు అనువారితో కలిసి 1974లో ఆ పద్ధతిని ప్రకటించెను.

జేపెగ్ చిత్రమును ఎనిమిదేసి చుక్కల చదరములుగా కోసి, ప్రతి చదరములోను మన కన్ను అంతగా గుర్తింపని సూక్ష్మభేదములను విడిచివేయును. అందువలన ఫైలు సుమారు పదవ వంతునకు తగ్గినను ఛాయాచిత్రము అందముగనే యుండును. కాని తలకట్టువంటి పదునైన అంచులచెంత మరకలు పొడసూపును. సవరించి మరల మరల దాచినకొలది నష్టము పెరుగును. ఒకమారు విడిచినది తిరిగి రాదు.

ఆ బాలిక పంపిన జేపెగ్ చిత్రము వెడల్పు 600 చుక్కలనుకొనుడు. పది అడుగులనగా 120 అంగుళములు. అంగుళమునకు వచ్చినవి అయిదే చుక్కలు! పుస్తకమున ముద్రించు ఛాయాచిత్రమునకు అంగుళమునకు 300 చుక్కలు కోరుట వాడుక. ఫ్లెక్సీని దూరమునుండి చూతురు గనుక అన్ని యక్కరలేదు; అయినను అయిదు చాలవు.

చుక్కలతో పనిలేని మార్గము మరియొకటి కలదు. సంక్రాంతినాడు ముగ్గుపెట్టు ఇల్లాలిని చూడుడు. ‘పదునైదు చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వరకు’ అను సూత్రమును ఆమె యెరుగును. ఆ సూత్రముతో అరచేతియంత ముగ్గునైనను, వాకిలినిండు ముగ్గునైనను వేయగలదు. గీతల పొందిక చెడదు. వెక్టర్ చిత్రమును ఇట్టిదే. అది చుక్కలను గాక, ఏ గీత యెచట మొదలై యెట్లు వంగునో తెలుపు సూత్రములను దాచును. 2001లో ప్రమాణమైన ఎస్‌వీజీ ఈ జాతిలోనిది. చిహ్నములకును అక్షరములకును ఇది శ్రేష్ఠము; ముఖముల ఛాయాచిత్రములకు తగదు.

మూలము చెరిగినది గనుక ఆ బాలిక నెమలిని మొదటినుండి చిత్రింపవలసివచ్చెను. ఈమారు వెక్టర్ పద్ధతిని చిత్రించి, ఫోటోగా గాక ఫైలుగా దుకాణమునకు పంపెను. రెండవ ఫ్లెక్సీపై పింఛములోని ప్రతి కన్నును తేటగా వెలసెను. మూలచిత్రమును మాత్రము ఆమె ఈసారి చెరుపలేదు. రెండు చోట్ల భద్రపరచెను. పెద్దదానినుండి చిన్నదానిని ఎప్పుడైనను చేసికొనవచ్చును; చిన్నదానినుండి పోయిన వివరములను రప్పింపజాలము.