నిత్య ప్రయాణానికి తగిన వాహనం

మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు కట్టుకోవడం తరువాత అంతటి పెద్ద ఖర్చు కారు కొనడమే. ఇంటి స్థలానికి ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగే అవకాశం ఉంటుంది. కారు విలువ కొన్ననాటి నుంచే తరగడం మొదలుపెడుతుంది. అయినప్పటికీ ఇల్లు కట్టేటప్పుడు నేల, నీరు, దిక్కు, దారి అన్నీ విచారించేవారు సైతం కారు విషయానికి వచ్చేసరికి రంగును, ఠీవిని, ఇరుగుపొరుగు మాటను చూసి తృప్తిపడతారు. ఆ వాహనం ప్రతిదినం ఏ దారిలో, ఎంత వేగంతో, ఎంత దూరం తిరగబోతున్నదో ముందుగా ఆలోచించేవారు తక్కువ. ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో రెండు వాహనాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఎస్‌యూవీ అనే పేరు తొలుత బురదలోను, కొండదారులలోను నడిచే జీపుల వంటి బండ్లను తలపించేది. వాటికి బలమైన ఇనుప చట్రం, దానిపై విడిగా బిగించిన పైభాగం, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఏర్పాటు ఉండేవి. నేడు మన వీధులలో ఆ పేరుతో తిరుగుతున్న మధ్యతరహా వాహనాలలో చాలావాటికి చట్రము, పైభాగము వేరువేరుగా ఉండవు. ఇంజను శక్తి కూడా ముందు చక్రాలకే చేరుతుంది. కారు కంటే కొంత ఎత్తు, కొంత గాంభీర్యం వీటి ప్రత్యేకతలు. పేరు చూసి ఏరు దాటవచ్చునని భ్రమపడకూడదు.

ఈ తరగతిలో బాగా ప్రసిద్ధమైనవి హ్యుందాయ్ క్రెటా, మారుతి గ్రాండ్ విటారా. మొదటిది 2015లో మన దేశంలో విడుదలై, చెన్నై సమీపంలోని శ్రీపెరుంబుదూరులో తయారవుతున్నది. రెండవది 2022లో వచ్చింది. సుజుకి, టయోటా సంస్థల ఒప్పందం వల్ల బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న టయోటా కర్మాగారంలో రూపొందుతున్నది. రెండింటి పొడవులో తేడా రెండు వేళ్ల మందమైనా లేదు. రెండూ 4 మీటర్లు మించినవే. ఈ 4 మీటర్ల గీతకు మన దేశంలో ఒక విశేషం ఉంది. దానికి లోబడిన చిన్న కార్లకు 2006 నుంచి పన్ను తగ్గింపు ఉంది. గీత దాటిన ఈ రెండు వాహనాలూ 2025 సెప్టెంబరులో వచ్చిన మార్పుల తరువాత కూడా 40 శాతం జీఎస్టీ వర్గంలోనే ఉన్నాయి.

పరిమాణంలో ఇంత సామ్యమున్నా, క్రెటాలోని డీజిల్ రకానికీ, గ్రాండ్ విటారాలోని హైబ్రిడ్ రకానికీ స్వభావంలో ఎంతో భేదం ఉంది. రెండింటి బలమూ సుమారు 115 అశ్వశక్తి. ఆ బలాన్ని పుట్టించే తీరు వేరు.

హైబ్రిడ్ వాహనంలో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో పాటు ఒక విద్యుత్ మోటారు, చిన్న బ్యాటరీ ఉంటాయి. సాధారణ కారులో బ్రేకు నొక్కిన ప్రతిసారీ బండి వేగంలో ఉన్న శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో వేగం తగ్గేటప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. అప్పుడు మోటారు జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగాన్ని విద్యుత్తుగా బ్యాటరీకి పంపుతుంది. మళ్లీ బండి కదలడానికి అదే విద్యుత్తు ఉపయోగపడుతుంది. ఆ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లు మాత్రమే. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను ముప్పావు గంట వాడితే ఖర్చయ్యే విద్యుత్తు అది. అంత స్వల్ప నిల్వతో కారు ఎలా నడుస్తుందని సందేహం కలగవచ్చు. పెద్ద చెరువు లేకపోయినా ఊటబావి ఊరికి నీరిచ్చినట్లు, ఇక్కడ ఎంత నిల్వ ఉందనే దాని కంటే ఎంత తరచుగా తోడి నింపుతున్నామనేదే ప్రధానం. దీనిని ఇంట్లో ఛార్జింగు పెట్టవలసిన పని లేదు, పెట్టే వీలూ లేదు.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. బ్రేకు ఎక్కువగా పడే దారిలోనే హైబ్రిడ్‌కు లాభం ఎక్కువ. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఉదయం తొమ్మిది గంటలకు బయలుదేరిన ఉద్యోగి ప్రతి కూడలిలోను ఆగుతాడు, కదులుతాడు, మళ్లీ ఆగుతాడు. మామూలు కారు ఆగిన చోట కూడా ఇంధనం తాగుతుంది. హైబ్రిడ్ ఆ సమయంలో ఇంజనును ఆపివేసి విద్యుత్తుతోనే పాకుతుంది. ఏసీని కూడా విద్యుత్తే నడుపుతుంది కనుక మే నెల ఎండలో ఇది గొప్ప సుఖం. బ్యాటరీ తగ్గగానే ఇంజను తనంతట తానే మేల్కొంటుంది.

అదే ఉద్యోగి వారానికి రెండుసార్లు హైదరాబాదు నుంచి కర్నూలుకు వెళ్లవలసిన వాడైతే పరిస్థితి తలకిందులవుతుంది. జాతీయ రహదారిపై గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నిలకడగా సాగే బండికి బ్రేకు అరుదు; కనుక తిరిగి పట్టుకోవడానికి శక్తీ అరుదు. అక్కడ డీజిల్ ఇంజను తన గుణాన్ని చూపుతుంది. గాలిని చాలా ఎక్కువగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండించడం వల్ల దాని సామర్థ్యం మామూలు పెట్రోలు ఇంజను కంటే ఎక్కువ. క్రెటా డీజిల్ రకానికి చక్రాలను తిప్పే బలం 250 న్యూటన్ మీటర్లు. నలుగురు మనుషులు, సామాను ఉన్నా లారీని దాటడానికి ఇంజనును గోలపెట్టించనక్కరలేదు. హైబ్రిడ్‌లోని చిన్న ఇంజను ఇటువంటి సమయంలో బిగ్గరగానే అరుస్తుంది. మన పెనుకొండ దగ్గర 2019 నుంచి తయారవుతున్న కియా సెల్టోస్‌లోనూ క్రెటా డీజిల్ ఇంజను వంటిదే ఉన్నందున ఈ మాట దానికీ వర్తిస్తుంది.

డీజిల్ కొనేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత పరికరం అమరుస్తున్నారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. రోజూ పిల్లలను బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, మూడు కిలోమీటర్లలో పని ముగించే బండికి ఆ వేడి అందదు. మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది. పొదుపు కోసం డీజిల్ కొని, ఊరు దాటించక మరమ్మతుల పాలవడం ఇందువల్లనే.

ఇక మైలేజీ. ప్రయోగశాల పరీక్షల ప్రకారం గ్రాండ్ విటారా హైబ్రిడ్ లీటరుకు 27.97 కిలోమీటర్లు, క్రెటా డీజిల్ మాన్యువల్ గేర్లతో 21.8 కిలోమీటర్లు ఇస్తాయని ఆయా సంస్థలు ప్రకటించాయి. రోడ్డు మీద ఇంతకు తక్కువే వస్తుంది. అందువల్ల మన లెక్క మనమే వేసుకోవడం మేలు. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు, అంటే 9,000 కిలోమీటర్లు తిరుగుతామనుకుందాం. నగరంలో హైబ్రిడ్ లీటరుకు 22, మామూలు పెట్రోలు కారు 11 కిలోమీటర్లు ఇస్తే సుమారు 410 లీటర్లు మిగులుతాయి. లీటరు వంద రూపాయలుగా చూస్తే ఏడాదికి 41,000 రూపాయల ఆదా. హైబ్రిడ్‌కు అదనంగా మూడు లక్షలు చెల్లించి ఉంటే అది తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. ఏడాదికి 3,000 కిలోమీటర్లే తిరిగేవారికి ఇరవై ఏళ్లు దాటినా రాదు. అటువంటివారికి ఈ రెండు వాహనాలలోనూ లభించే సాధారణ పెట్రోలు రకమే చాలు. అమ్మకందారు ఈ లెక్క తనంతట తాను చెప్పడు.

ఇంధనం ఒక్కటే చూసి నిర్ణయించలేము. హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనుక సామాను అరలో చోటు తీసుకున్నందున అక్కడ మిగిలేది 265 లీటర్లు. క్రెటాలో 433 లీటర్లు. పండుగకు ఊరు వెళ్లే కుటుంబానికి ఆ తేడా ఒక పెద్ద పెట్టెకు తక్కువ కాదు. హైబ్రిడ్ బ్యాటరీ పాడవుతుందేమోనని భయపడేవారు దానికి 8 సంవత్సరాల లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఉన్నదని గమనించాలి. రెండు వాహనాలలోనూ ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. అయితే వెనుక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే అవి ఉన్నా పూర్తి రక్షణ దొరకదు. గాజు పైకప్పు మీద మోజు పడేవారు మన ఎండలను ఒకసారి తలచుకోవాలి.

కొనేముందు బండిని నడిపి చూడడానికి ఇస్తారు. దుకాణం వెనుక ఉన్న ఖాళీ రోడ్డుపై కాక, మనం రోజూ వెళ్లే దారిలో, రోజూ వెళ్లే వేళకే నడపాలి. ఇంట్లోని పెద్దవారిని వెనుక సీటులోకి ఎక్కించి, దించి చూడాలి. ఈ రెండింటి వెడల్పు సుమారు 1.8 మీటర్లు, పక్క అద్దాలు దానికి అదనం. ముందురోజు సాయంత్రమే టేపు తీసుకుని ఇంటి గేటును కొలిచి పెట్టుకోవాలి.